ఇంగ్లండ్‌లో బాత్‌టబ్ తీసేసి తక్కువ ఎత్తు షవర్ ట్రే పెట్టిద్దామనుకుంటున్నాం. ఎలాంటిది కొనాలి?

అమ్మానాన్నలు వచ్చి కొన్ని నెలలు ఉంటారని, టబ్ అంచు దాటాలంటే వాళ్ల మోకాళ్లు సహకరించవని, అందుకే 25 మిల్లీమీటర్ల ఎత్తు ట్రే (షవర్ కింద నిలబడే పళ్లెం లాంటి పలక) చూస్తున్నామని రాశారు. ఆలోచన బాగుంది. కానీ నన్నడిగితే ముందు చూడాల్సింది ట్రే కింద నీళ్లు పోయే దారి. ట్రే సంగతి తర్వాత.

మేం రెడింగ్‌లో అద్దెకున్నప్పుడు ఓనరు కొత్తగా బాత్రూమ్ చేయించాడు. సన్నటి ట్రే, అద్దం తలుపు, చూడ్డానికి హోటల్ గదిలా ఉండేది. ఆ ఏడాది నరక చతుర్దశికి అమ్మ ఇక్కడే ఉంది. తెల్లవారకముందే మా అబ్బాయిని లేపి, నువ్వుల నూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టి, బకెట్ నీళ్లతో తలంటింది. షవర్ ఉండగా బకెట్ ఎందుకమ్మా అంటే, "దాని కింద తడుస్తాం గానీ స్నానం చేసినట్టుంటుందా?" అంది. పిండీ నూనే కడిగేద్దామని ఆఖరున బకెట్ నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా గుమ్మరించింది.

మన ఇళ్లలో బాత్రూమ్ నేలంతా వాలుగా ఉంటుంది, ఎంత పోసినా మూలనున్న జాలీలోకి పోతాయి. ఇక్కడ ట్రే దాటితే జాలీ లేదు. నీళ్లు నేలమీద పరిచిన వినైల్ షీటు కిందికి దూరి, కింద వంటింట్లో సీలింగ్ లైటు చుట్టూ కారడం మొదలైంది. పండగ పూట కరెంటు మెయిన్ ఆపేసి, ఫోన్ వెలుతురులో గిన్నెలు పరుచుకుంటూ కూర్చున్నాం. ఓనరుకి చెబితే మేం బాత్రూమ్ వాడే పద్ధతే తప్పన్నాడు, డిపాజిట్‌లో కోత పెడతానన్నాడు. అమ్మ మాత్రం "స్నానాల గదిలో నీళ్లు పోయకూడదా? ఇదెక్కడి గోలరా!" అంది. నేను అమ్మ పక్షమే.

లెక్క చూడండి. 900 బై 900 మిల్లీమీటర్ల ట్రేలో అంచుకీ లోపలి అడుగుకీ తేడా ఒక్క సెంటీమీటరు అనుకుంటే, అందులో పట్టేది దాదాపు 8 లీటర్లు. మన పెద్ద బకెట్ 18, 20 లీటర్లు. మిగతావి జాలీలోంచి అప్పటికప్పుడు పోవాలి, లేదా గదిలోకి రావాలి. అందుకే 50 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం ఉన్న ట్రే అసలొద్దు. 90 మిల్లీమీటర్లది తీసుకోండి. ఆ రంధ్రం కింద బిగించే ట్రాప్ (పైపులోంచి వాసన పైకి రాకుండా కాసిన్ని నీళ్లు నిలిపే గిన్నె లాంటి భాగం) నిమిషానికి ఎన్ని లీటర్లు లాగుతుందో దాని డబ్బా మీద రాసి ఉంటుంది, 25కి తగ్గితే అక్కడే వదిలేయండి. ట్రాప్ లోపలి గిన్నె పైనుంచే బయటికి తీసి కడుక్కునేలా ఉండాలి. నూనె, సున్నిపిండి, జుట్టు కలిసి గట్టిపడితే ఏ మందు పోసినా కదలదు.

ఇక తక్కువ ఎత్తు అన్నమాట. ట్రే 25 మిల్లీమీటర్లే, నిజమే. కానీ దాని కింద ట్రాప్ పట్టాలి, 40 మిల్లీమీటర్ల పైపు మీటరుకు కనీసం 18 మిల్లీమీటర్ల వాలుతో బయటికి పోవాలి. మేడమీది చెక్క నేల అయితే ఇదంతా దూలాల మధ్య సర్దాలి. పైపు దూలాల వెంట పోతే అదృష్టం. అడ్డంగా పోవాల్సి వస్తే దూలాన్ని ఇష్టమొచ్చినట్టు కోయడానికి లేదు. గాడి పెడితే దాని లోతు దూలం ఎత్తులో ఎనిమిదో వంతు మించకూడదు, అంటే 200 మిల్లీమీటర్ల దూలానికి 25. 40 పైపు అందులో పట్టదు. ఇంకేముంది, ఫిట్టర్ ట్రే కింద నాలుగంగుళాల దిమ్మె కట్టేస్తాడు. మోకాళ్ల కోసం కొన్నదానికి మెట్టెక్కాలి! షోరూమ్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. వాళ్లకి టైల్స్ అమ్ముకోవడమే ముఖ్యం.

సొంతిల్లు కొన్నాక ఆర్డర్ పెట్టకముందే నేలచెక్క ఎత్తించి చూశాను. మా పైపు దూలాల వెంటే పోతుందని తేలింది, ట్రే నేలకి దాదాపు సమానంగా కూర్చుంది. కాస్త బరువైనా స్టోన్ రెజిన్ (రాతిపొడి, రెజిన్ కలిపి పోసిన) ట్రే తీసుకున్నాం. కింద ప్లైవుడ్, దానిమీద ఇసుక సిమెంటు పరిచి దించారు, ఎక్కడా బోలు లేదు. అడుగు బోలుగా ఉంటే నిలబడ్డప్పుడల్లా ట్రే కదిలి, అంచున సిలికాన్ ఊడుతుంది. టైల్స్ వేయకముందే నేను బకెట్ తెచ్చి గుమ్మరించాను. ఫిట్టర్ నవ్వి, ఇక్కడెవరూ ఇలా స్నానం చేయరన్నాడు. మేం చేస్తాం అన్నాను.

రంగు తెల్లదే. నల్ల ట్రేలు ఫొటోల్లోనే బాగుంటాయి. లండన్ చుట్టుపక్కల నీళ్లకి నాలుగు రోజుల్లో తెల్లటి సున్నం చారలు కడతాయి. నున్నటిది వద్దు, నూనె స్నానానికి పాదం జారుతుంది. నాన్నగారు పట్టుకోవడానికి గోడకి కడ్డీ ఎలాగూ పెట్టించాలి కదా, టైల్స్ వేయకముందే ఆ చోట గోడ లోపల మందపాటి ప్లైవుడ్ బిగించమనండి. ఉత్త ప్లాస్టర్‌బోర్డ్‌లో దిగిన స్క్రూ మనిషి బరువు ఆపదు.