పాత చైనా పింగాణీ మీద బంగారు డిజైన్ చెక్కుచెదరకుండా ఉండటం ఎందుకంత అరుదు?

బంగారం వేయలేదని కాదు, వేసింది నిలవలేదు.

పింగాణీని సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలుస్తారు. బంగారం 1064 డిగ్రీలకే కరిగిపోతుంది. అందుకే పాత్రను ముందు పూర్తిగా కాల్చి, గ్లేజు (పాత్ర మీది గాజులాంటి పూత) మీద బంగారం వేసి, తక్కువ వేడిలో మళ్లీ కాల్చేవారు. అంటే అది గ్లేజు లోపలికి దిగదు, పైన అంటుకుని ఉంటుందంతే. వందల ఏళ్లు చేతులు తగిలి, తుడిచి, కడిగితే ఇంకేం మిగులుతుంది?

చైనాలో పింగాణీకి పేరుపడ్డ ఊరు చింగ్‌దచెన్‌లో ఉన్న ఫ్రెంచ్ మతబోధకుడు ద'ఆంత్రకోల్ 1712 నాటి ఉత్తరంలో ఈ పద్ధతి రాశాడు. బంగారాన్ని మెత్తగా నూరి, 30 పాళ్లకు 3 పాళ్ల సీసపు తెలుపు (సీసంతో చేసే తెల్ల పొడి) కలిపి, జిగురు నీళ్లతో రంగులాగే కుంచెతో వేసేవారట. అది కాంగ్‌షీ చక్రవర్తి కాలం (1662–1722). ముదురు నీలం, అద్దంలా మెరిసే నలుపు పాత్రల మీద బంగారు పూలు, పక్షులు అప్పుడు బాగా వేశారు. అంతకుముందు మింగ్ వంశపు జియాజింగ్ కాలంలో (1522–1566) ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద బంగారు రేకుతో డిజైన్లు చేసేవారు. వీటిని జపాన్ వాళ్లు ఎంతో ఇష్టంగా సేకరించి ‘కిన్‌రాన్‌దే’ అన్నారు.

మీ దగ్గర ఉత్త నీలం జాడీ ఉంటే టార్చ్ లైట్ పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. బంగారం పోయినా, ఒక్కోసారి అది ఉన్నచోట గ్లేజు కాస్త మసకగా ఉండి కొమ్మో రెక్కో లీలగా తెలుస్తుంది. బంగారం ఉండి, అది అద్దంలా తళతళలాడితే మాత్రం అది పాతదేనా అని నాకు అనుమానమే. అలాంటి మెరుపు ఎక్కువగా 19వ శతాబ్దంలో యూరప్‌లో వచ్చిన ద్రవ బంగారానిది (బంగారం కలిపిన, పూసి కాల్చే ద్రవం). పాత పొడి బంగారం మెరుపు మెత్తగా ఉంటుంది. ఉన్న కాస్త పూత కోసమైనా సబ్బు, పీచు దగ్గరికి రానివ్వకండి!