మషాదోను తెల్లవాడిగా మార్చిందెవరు?

ప్రశ్న: బ్రెజిల్ రచయిత మషాదో జి అసిస్ నల్లజాతి సంతతివాడని ఒకచోట, తెల్లవాడని ఇంకోచోట చదివాను. ఏది నిజం? తన జాతి గురించి ఆయన ఎప్పుడూ రాయలేదంటారు కదా, మరి ఇప్పుడెందుకీ చర్చ?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: తెల్లవాడు కాదండీ, మిశ్రమ సంతతి. 1839లో రియో డి జనీరోలో పుట్టారు. తండ్రి ఇళ్లకు రంగులు వేసేవాడు, ఆ తండ్రిని కన్నవాళ్లు బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు. తల్లి అజోర్స్ దీవుల నుంచి వచ్చిన పోర్చుగీసు స్త్రీ. అలాంటి ఇంట్లో పుట్టిన మనిషి 1897లో బ్రెజిల్ సాహిత్య అకాడమీకి తొలి అధ్యక్షుడయ్యారు. 1908లో చనిపోతే మరణ పత్రంలో రంగు 'తెలుపు' అని రాసేశారు!

అదే ఏడాది ఒక విమర్శకుడు నివాళి వ్యాసంలో ఆయన్ని 'ములాటో' అన్నాడు, అంటే నలుపు తెలుపు కలిసిన సంతతి అని. మిత్రుడు జోక్విం నబుకోకి అది నచ్చలేదు, నాకు మషాదో తెల్లవాడే, ఆ మాట తీసేయండి అని ఉత్తరం రాశాడు. ఈ నబుకో బానిసత్వం రద్దు కోసం ఏళ్ల తరబడి పోరాడిన నాయకుడు, అందుకే ఇది నన్ను ఇంతగా బాధపెడుతుంది. మషాదోను ప్రాణంగా చూసుకున్నవాళ్లే, గొప్పవాడు కాబట్టి తెల్లవాడై ఉండాలన్నట్టు ఆయన తాత నానమ్మలను చెరిపేశారు. 2011లో కూడా ఒక ప్రభుత్వ బ్యాంకు ప్రకటనలో ఆయన వేషం తెల్ల నటుడికిచ్చారు, జనం మండిపడ్డాక నల్లజాతి నటుడితో మళ్లీ తీశారు. చర్చ ఎందుకన్నారు కదా, ఇందుకే.

ఇక రాయలేదన్న మాట నేను ఒప్పుకోను. తన గురించి చెప్పుకోలేదు, నిజమే. కానీ 1881లో పుస్తకంగా వచ్చిన ఆయన బ్రాస్ కూబాస్ నవలలో ప్రుడెన్సియో అనే బానిస ఉన్నాడు చూడండి, చిన్నప్పుడు యజమాని కొడుకు అతన్ని గుర్రంలా వంచి ఎక్కి స్వారీ చేసేవాడు, పెద్దయ్యాక విడుదలై తానే ఒక బానిసను కొనుక్కుని నడివీధిలో కొరడాతో కొడతాడు. బానిసత్వం 1888 దాకా సాగిన దేశంలో, రద్దుకు ముందే రాసిన సన్నివేశమిది. 1906లో వచ్చిన 'తల్లికి వ్యతిరేకంగా తండ్రి' కథ ఇంకా దారుణం. పారిపోయిన బానిసలను పట్టి బతికే ఒక పేదవాడు, తన పసిబిడ్డను అనాథాశ్రమంలో వదలాల్సిన పరిస్థితి వచ్చి, బహుమతి డబ్బు కోసం ఒక గర్భిణిని ఈడ్చుకెళ్లి యజమానికి అప్పగిస్తాడు, అక్కడే ఆమె గర్భం పోతుంది.

ఇంగ్లీషు అనువాదాలు ఉన్నాయి. ముందు ఆ కథ చదవండి, తర్వాత నవలకు వెళ్లండి.