ఆ గీత అసలైనదేనా?

ప్రశ్న: కస్టమ్ కత్తులు సేకరించడం ఈమధ్యే మొదలుపెట్టాను. ఒక అమెరికన్ మేకర్ చేసిన టాంటో, అంటే జపనీస్ తరహా పొట్టి బాకు, అమ్మకానికి వచ్చింది. మొన కోణంగా ఉంది, వాదర వెంబడి అలల గీత ఉంది, పిడికి స్టింగ్‌రే చేప తోలు, దానిమీద తాడు అల్లిక. ఉక్కు వీజీ-10 అనే రకమట, ఆ అలల గీత, అంటే హామోన్, అసలైనదట, 'పక్కా జపనీస్ సంప్రదాయం' అట. ధర చూస్తే టెన్షన్‌గా ఉంది. కొనమంటారా?

జవాబు: వీజీ-10, హామోన్ ఒకే కత్తిలో ఇమడవండీ. డబ్బు పంపకండి, ముందు ఇది తేల్చుకోండి.

హామోన్ రావాలంటే కత్తి వెన్నుకు బంకమట్టి మందంగా పూసి, వాదర దగ్గర పల్చగా పూసి లేదా వదిలేసి, ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చాలి. వాదర క్షణాల్లో చల్లబడి గట్టిపడుతుంది. మట్టి చాటున ఉన్న వెన్ను నెమ్మదిగా చల్లబడి మెత్తగా మిగులుతుంది. ఈ రెండూ కలిసే చోటే ఆ గీత. అందుకు లోతుగా గట్టిపడని ఉక్కు కావాలి: 1095, డబ్ల్యూ2, జపాన్ యసుగి ఉక్కుల్లో షిరోగామి లాంటి కార్బన్ స్టీల్ రకాలు. వీజీ-10 స్టెయిన్‌లెస్. అందులో దాదాపు 15 శాతం క్రోమియం ఉంటుంది. నెమ్మదిగా చల్లారినా కత్తి మొత్తం గట్టిపడుతుంది కాబట్టి మట్టి పూసి లాభం లేదు.

మరి మీరు చూసిన గీత ఏమిటి? ఉక్కు పైపొరను యాసిడ్‌తో తినిపించి తెప్పించినదో, బ్రష్‌తో రుద్దినదో అయి ఉండొచ్చు. లేదా అది సాన్‌మై కత్తి కావచ్చు: మధ్యలో గట్టి ఉక్కు, రెండు పక్కలా మెత్తటి ఉక్కు అతికిస్తారు. సానబట్టాక ఆ అతుకు వాదరకు కొంచెం పైన అలలాగా బయటపడుతుంది. అందులో మోసం లేదు, చక్కని పనే. కానీ అది హామోన్ కాదు. అమ్మేవాడికే తేడా తెలియకపోవచ్చు కూడా, అందుకే నేను వెంటనే దొంగ అనను.

కత్తి చేతికొస్తే ఒకే దీపం కింద మెల్లగా తిప్పి చూడండి. అసలు హామోన్ అయితే గీత దగ్గర పొగమంచులాంటి తెల్లదనం, అక్కడక్కడ మెరిసే సన్నని రేణువులు, కోణం మారేకొద్దీ కనబడుతూ మాయమవుతూ ఉంటాయి. యాసిడ్ గీత ఎటు తిప్పినా ఒకే మసక తెలుపు. ఒకే అల అచ్చు గుద్దినట్టు మొదలునుంచి మొనదాకా నడిచినా నాకు అనుమానమే. ఎమరీ పేపర్‌తో పరీక్షించే పని మాత్రం పెట్టుకోకండి.

ఇక 'పక్కా జపనీస్' మాట. పాత టాంటోల్లో వాదర మొనదాకా మెత్తని వంపుతో సాగుతుంది. అలా కోణంగా తిరిగే మొన అమెరికన్ అభిరుచి. టాంటోను అక్కడి కస్టమ్ కత్తుల్లోకి తెచ్చినవాళ్లలో బాబ్ లమ్ పేరు ముందు చెబుతారు. 1980ల్లో కోల్డ్ స్టీల్ కంపెనీ కత్తులతో ఆ కోణం మొన అంతటా పాకింది. నాకు ఆ మొన ఇష్టమే, బలంగా ఉంటుంది. దానికి సమురాయ్ కథ తగిలిస్తేనే చిరాకు.

పిడి ఊడదీసే వీలుందో అడగండి. సంప్రదాయ పద్ధతిలో దాన్ని పట్టి ఉంచేది ఒక చిన్న వెదురు మేకు. అది తీస్తే పిడిలో దాగిన భాగం, అంటే నాకాగో, బయటికొస్తుంది. జపాన్‌లో కమ్మరి సంతకం చెక్కేది దానిమీదే. ఈ కాలపు మేకర్లు చాలామంది ఎపాక్సీ జిగురుతో అతికించి, అల్లికకు కూడా అదే పట్టిస్తారు. చెమట లోపలికి దిగదు, పిడి కదలదు. అది తప్పేమీ కాదు, కాకపోతే లోపలి పనితనం మీరిక ఎప్పటికీ చూడలేరు. అలాంటప్పుడు అతికించక ముందు తీసిన ఫోటో ఇమ్మనండి. మంచి మేకర్ల దగ్గర సాధారణంగా ఉంటుంది.

హీట్ ట్రీట్‌మెంట్, అంటే ఆ కాల్చి చల్లార్చే పని, ఎవరు చేశారు, నీళ్లలో ముంచారా నూనెలోనా అన్నదీ అడగండి. నీళ్లలో గీత బాగా తేలుతుంది, కానీ కొన్ని కత్తులు అక్కడే పగులుతాయి. ఆ పగిలినవాటి ఖర్చూ మిగిలినవాటి ధరలో కలుస్తుంది. ఈ మూడింటికీ తిన్నగా జవాబొస్తే ధర గురించి మాట్లాడండి. రాకపోతే వదిలేయండి.

ప్రశ్న: కార్బన్ స్టీల్ కత్తిని తోలు ఒరలోనే దాచుకోవచ్చా?

జవాబు: వద్దు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలును శుద్ధి చేసిన రసాయనాలూ ఉక్కుకు పడవు. వేలిముద్రలు తుడిచి, పల్చగా కమేలియా నూనె పట్టించి విడిగా పెట్టండి. మెటల్ పాలిష్ జోలికి పోవద్దు, హామోన్ మసకబారుతుంది.

ప్రశ్న: తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలంటే?

జవాబు: హిగోనొకామి. 19వ శతాబ్దం చివర్లో జపాన్‌లో, హ్యోగో ప్రాంతంలోని మికి పట్టణంలో పుట్టిన మడత కత్తి. మడిచిన రేకు పిడి, లాక్ ఉండదు, వెనక ఉన్న చిన్న మీటను బొటనవేలు పట్టి ఉంచుతుంది. ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్ ఉన్నది నాగావో కానెకోమా అనే కత్తుల తయారీదారులకు. తర్వాత, నచ్చిన కస్టమ్ మేకర్ చేసిన కిరిదాషి, అంటే చిన్నచిన్న పనులకు వాడే జపనీస్ చిన్న కత్తి, ఒకటి తీసుకోండి. ఒకవైపే సాన, వెనకవైపు చదును. అల్లికలు, తోళ్లు ఏమీ లేని ఆ ముక్క మీద చదునులో చిన్న తేడా ఉన్నా వెలుతురులో దొరికిపోతుంది. ఆర్డర్ పెట్టేముందు మీ దేశపు కస్టమ్స్ నిబంధనలు చూసుకోండి. జపాన్‌లోనే తగిన కారణం లేకుండా 6 సెంటీమీటర్లు దాటిన కత్తిని వెంట తీసుకెళ్లడం నేరం.