1990లో కువైట్ నుంచి బయటపడ్డవాడిగా నా సమాధానం

"దేశాల మధ్య నీతి, న్యాయం అన్నవి పైపై మాటలే, చివరికి నడిచేది ఎవరి అవసరం వాళ్లదే కదా?" అని అడిగారు. కర్ర ఉన్నవాడిదే బర్రె అంటారు, ఆ సామెత దేశాల విషయంలో అబద్ధం కాదు. కానీ సగమే నిజం. నాది రాజంపేట దగ్గర పల్లె. 1990లో కువైట్‌లో ఒక బకాలాలో, అంటే వీధిలో ఉండే సరుకుల కొట్లో, పనిచేసేవాణ్ణి. ఆ ఏడాది మన దేశం చూపిన లౌక్యం నన్ను ఇంటికి చేర్చింది. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి పట్టుకున్న ఒక సూత్రం నాకు మళ్లీ బతుకుతెరువు ఇచ్చింది. అందుకే ఈ రెంటిలో ఏది అబద్ధమన్నా ఒప్పుకోలేను.

ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చేసింది. కొన్ని గంటల్లో ఒక దేశం లేకుండా పోయింది. కొన్నాళ్లకు ఇరాక్ దీనారు, కువైట్ దీనారు సమానమని చాటారు. బజారులో ఎన్నో రెట్లు విలువ చేసే మా దీనార్లు చేతిలో ఉండగానే చితికిపోయాయి. చాలామంది పాస్‌పోర్టులు కఫీళ్ల దగ్గరే, అంటే పనికి పెట్టుకుని వీసా ఇప్పించిన యజమానుల దగ్గరే, ఉండేవి, ఆ కఫీళ్లు సౌదీకి వెళ్లిపోయారు. కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన డ్రైవర్లు, వంటవాళ్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు ఎవరిని అడగాలో తెలియక తిరిగేవారు.

అప్పుడు విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లారు. ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ ఆయన్ని కౌగిలించుకున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. పొరుగు దేశాన్ని మింగినవాడితో ఆలింగనమా అని చాలామంది మండిపడ్డారు. కువైట్‌లోని రాయబార కార్యాలయాలు మూసేయమని ఇరాక్ ఆజ్ఞాపిస్తే, పెద్ద దేశాలు ధిక్కరించాయి, మనవాళ్లు ఇరాక్‌లోని బస్రాకు మార్చుకున్నారు. చూసేవాళ్లకు ఇది తలొగ్గడమే. కానీ ఆ బస్రా, బాగ్దాద్ దారినే మేం బస్సుల్లో జోర్డాన్ సరిహద్దు చేరాం. ఎడారిలో గుడారాల కింద వంతు కోసం కాచుకుని, అమ్మాన్ నుంచి బొంబాయి విమానం ఎక్కాం. ఆగస్టు, అక్టోబరు నెలల మధ్య ఎయిర్ ఇండియా 488 సార్లు ఎగిరిందని తర్వాత చదివాను. మొత్తం 1,70,000 మంది దాకా ఇల్లు చేరారు. పౌరుల ప్రాణాలు అటు చిక్కుకుని ఉన్నప్పుడు మంత్రి చేయి చాచడం నీతి తప్పడం ఎలా అవుతుంది? తన మీద ఆధారపడినవాళ్లను కాపాడడం ఏ ప్రభుత్వానికైనా మొదటి ధర్మం. గుజ్రాల్‌ను ఎవరు తిట్టినా నాకు ఈరోజుకీ బాధే.

అయితే దానికి వెల కూడా కట్టాం. బలప్రయోగానికి వ్యతిరేకమని భారత్ అంది, కానీ ఇది దురాక్రమణ అని గొంతెత్తి అనలేదు. 1991 ఫిబ్రవరిలో కువైట్ విముక్తి అయ్యాక నేను మళ్లీ అక్కడికే వెళ్లాను. కొట్టుకు వచ్చే ఒక పెద్దాయన, అంతకుముందు ఎంతో ఆప్యాయంగా పలకరించేవాడు, "మా ఇల్లు దోచినవాణ్ణి మీ మంత్రి కౌగిలించుకున్నాడు" అని మొహం మీదే అన్నాడు. బదులు చెప్పలేకపోయాను.

మాకంటే ఘోరంగా నష్టపోయింది పాలస్తీనీయులు. కువైట్‌లో దాదాపు 4 లక్షల మంది ఉండేవారు. టీచర్లు, ఇంజనీర్లు, మా కొట్టు లెక్కలు చూసే ఆయన కూడా. వాళ్ల నాయకుడు అరాఫత్ సద్దాం వైపు మొగ్గారు. యుద్ధం ముగిశాక వాళ్లలో అత్యధికులు ఆ దేశం వదలాల్సి వచ్చింది. అన్యాయం పక్షాన నిలబడడం ఎత్తుగడగా కూడా చెడ్డదేనని నాకు అక్కడే అర్థమైంది. నాయకుడు వేసిన అంచనాకు శిక్ష అనుభవించింది మాత్రం ఆ లెక్కలు చూసే మనిషి.

ఇక సూత్రం సంగతి. దాడి జరిగిన రోజే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 660వ తీర్మానం చేసింది, ఇరాక్ బేషరతుగా వెనక్కి పోవాలని. తీర్మానం వెనక నూనె బావుల మీద బెంగ లేదని ఎవరూ అనరు. 1988 మార్చిలో ఇదే సద్దాం తన దేశంలోని హలబ్జా అనే ఊళ్లో విషవాయువుతో వేలమంది కుర్దు జాతివాళ్లను చంపితే, ఇరాన్‌తో పోరాడుతున్నాడు గదా అని పెద్ద దేశాలు చూసీచూడనట్టు ఊరుకున్నాయి. ఆ కపటం నాకు తెలుసు. అయినా, చిన్న దేశాన్ని పెద్ద దేశం మింగకూడదన్న మాట మీద ప్రపంచం నిలబడినందువల్లే కువైట్ మళ్లీ పటంలోకి వచ్చింది. తర్వాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్ పెట్టింది. దేశం విడిచి వెళ్లాల్సి వచ్చిన ఒంటరి కార్మికుడికి కూడా 2,500 లేదా 4,000 డాలర్ల పరిహారం నిర్ణయించింది. మొత్తం 15 లక్షల మంది దాకా హక్కుదారులకు 5,240 కోట్ల డాలర్లు పంచి, 2022లో పని ముగించింది. కూలిపని చేసుకునేవాడి నష్టాన్ని కూడా ప్రపంచం లెక్కగట్టి చెల్లించడం అంతకుముందు నేను వినలేదు. నాకు వచ్చిన డబ్బుతో అప్పులు తీరాయి.

ఒక విషయం మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. ఆ డబ్బు ఇరాక్ నూనె అమ్మకాల నుంచి కోసి ఇచ్చింది. అదే కాలంలో ఇరాక్ మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన వర్తక ఆంక్షల వల్ల ఇరాక్ సామాన్యులు మందులకూ తిండికీ అల్లాడారు. మా బస్సు ఆగినప్పుడు నీళ్లు తెచ్చి పోసింది కూడా వాళ్లే. తప్పు చేసిన పాలకుడు మాత్రం 2003 దాకా గద్దె మీదే ఉన్నాడు. న్యాయం అమలు చేసేటప్పుడు బరువు ఎవరి మీద పడుతోందో చూడకపోతే అదీ ఇంకో అన్యాయమే.

2022లో రష్యా దాడి చేశాక ఉక్రెయిన్‌లో చదువుకునే మన పిల్లల్ని తెచ్చుకున్నప్పుడు నాకు ఇదంతా మళ్లీ కళ్లముందు ఆడింది. తెలుగు రాష్ట్రాల వైద్య విద్యార్థులూ చాలామంది ఉన్నారు. రష్యాను నిందించే తీర్మానాల మీద భారత్ ఓటు వేయకుండా తప్పుకుంది, దాంతో మనకు నీతే లేదన్నారు కొందరు. ఓటు ఒక్కటే చూడకండి, ఆ సందర్భంగా మన ప్రతినిధులు చదివిన ప్రకటన కూడా చదవండి. ఐక్యరాజ్యసమితి నియమావళినీ, ప్రతి దేశపు సార్వభౌమాధికారాన్నీ, ప్రాదేశిక సమగ్రతనూ గౌరవించాలని అందులో ఉంది. రష్యా పేరు లేదు, అది లోటే. కానీ సూత్రాన్ని సూత్రంగా పలికారు. 1990 ఆగస్టులో కూడా అంత స్పష్టంగా, ముందుగా పలికి ఉంటే విమానాలు ఆగేవి కావని నా నమ్మకం. మళ్లీ కువైట్ వెళ్లిన మాలాంటివాళ్లకు ఆ పెద్దాయన ముందు చెప్పుకోవడానికి ఒక జవాబు ఉండేది.