1918 నాటి అమెరికన్ సైనికుడి చేతిలో షాట్‌గన్ వేస్తే చరిత్రకు సరిపోతుందా?

మీ క్యారెక్టర్ 1918లో ఫ్రాన్స్ కందకాల్లో ఉన్న అమెరికన్ సైనికుడు అన్నారు కాబట్టి, నిస్సంకోచంగా వేయండి. అదే బ్రిటిష్ సైనికుడో జర్మన్ సైనికుడో అయితే వద్దనేవాణ్ణి. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల పోరు కోసం ప్రత్యేకంగా షాట్‌గన్‌లు చేయించి పంపింది అమెరికాయే.

గేములకీ కామిక్స్‌కీ సైనికుల బొమ్మలు వేయడం నా పని. తుపాకీ ఉన్న బొమ్మ ఏదైనా నేను ముందు తేల్చుకునేది సంవత్సరం. అది తేలితే తుపాకీ, తూటా, బయొనెట్ (తుపాకీ కొసకి తగిలించే కత్తి) అన్నీ వాటంతట అవే తేలతాయి. మీ సంవత్సరానికి సరైనది జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన వించెస్టర్ మోడల్ 1897, అందులోనూ ట్రెంచ్ గన్, అంటే కందకాల పోరుకి చేసిన రకం. బారెల్ 20 అంగుళాలు, దాని మీద చిల్లులున్న లోహపు కవచం, కింద గొట్టంలో 5 తూటాలు. కవచం మీద చిల్లులు ఆరు వరసల్లో వేయండి. నాలుగు వరసలది రెండో ప్రపంచ యుద్ధం నాటిది, తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

అన్నిటికంటే ముఖ్యం, వెనకవైపు బయటికి కనిపించే హ్యామర్, అంటే తూటాని పేల్చడానికి కొట్టే సుత్తి లాంటి భాగం. వెనక నున్నగా ఉన్న తుపాకీతో మొదటి ప్రపంచ యుద్ధం బొమ్మలు ఎన్నో చూశాను. రెఫరెన్స్‌కి తేలిగ్గా దొరికే రెమింగ్టన్ 870 షాట్‌గన్‌ని చూసి వేసేస్తారు, కానీ అది 1950 ప్రాంతంలో వచ్చింది. హ్యామర్ లోపల దాగి ఉండే వించెస్టర్ మోడల్ 12 అప్పటికే ఉన్న మాట నిజమే. అయినా చూడగానే ఆ కాలం గుర్తుకొచ్చేది మోడల్ 1897తోనే.

ఇక పోజు. ఒక కామిక్ పేజీలో ఈ తుపాకీని బాగా దగ్గర నుంచి వేయాల్సి వచ్చినప్పుడు, పంప్‌ని, అంటే బారెల్ కింద ముందుకీ వెనక్కీ జరిపే పిడిని, పూర్తిగా వెనక్కి లాగిన క్షణాన్ని ఎంచుకున్నాను. అప్పుడు బోల్ట్ (బారెల్ వెనక భాగాన్ని మూసే లోహపు ముక్క) రిసీవర్‌లోంచి, అంటే తుపాకీ మధ్యలోని లోహపు పెట్టెలోంచి, వెనక్కి పొడుచుకొచ్చి, హ్యామర్‌ని కిందికి నొక్కుతూ చేతి మీదుగా వస్తుంది. తూటాని పైకెత్తే భాగం తుపాకీ అడుగున కిందికి జారి కనిపిస్తుంది. బొటనవేలు పైకి పెట్టి పట్టుకుంటే బోల్ట్ వచ్చి తగులుతుంది, కాబట్టి వేలిని పిడికి పక్కగా దించండి. కుడివైపు నుంచి ఖాళీ తూటా ఎగురుతున్నట్టు వేస్తే బొమ్మకి ప్రాణం వస్తుంది. ఊరికే తుపాకీ పట్టుకుని నిలబడిన పోజుకన్నా నాకు ఇదే ఇష్టం.

తూటా రంగు కూడా చూసుకోండి. మెరిసే ఎర్ర ప్లాస్టిక్ తూటాలు 1960 నుంచి వచ్చినవి. అప్పట్లో కాగితపు గొట్టానికి ఇత్తడి అడుగు ఉండేది. కందకాల తేమకి ఆ కాగితం ఉబ్బి తూటా లోపలికి దూరేది కాదు. అందుకే పూర్తి ఇత్తడి తూటాలు చేయించారు. బొమ్మలో ఏది వేసినా తప్పు కాదు. బయొనెట్ మాత్రం చిన్న కత్తిలా వేయకండి. ఎం1917 బయొనెట్ అలుగే దాదాపు 17 అంగుళాలు, అంటే బారెల్ కంటే కాస్తే తక్కువ.

ముఖం గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలనిపించింది. ఈ తుపాకులు యుద్ధ నియమాలకు విరుద్ధమని జర్మనీ 1918 సెప్టెంబర్‌లో అధికారికంగా అభ్యంతరం చెప్పింది. ఇవి గానీ వీటి తూటాలు గానీ దగ్గర ఉండగా దొరికిన బందీలకు మరణశిక్ష తప్పదని హెచ్చరించింది. అమెరికా ఒప్పుకోలేదు, అలా చేస్తే తామూ ప్రతీకారం తీర్చుకుంటామని బదులిచ్చింది. మీ సైనికుడు ఆ నెల తర్వాతివాడైతే, పట్టుబడితే ఏమవుతుందో అతనికి తెలిసి ఉండొచ్చు. పోస్టర్ హీరో నవ్వు కన్నా ఆ టెన్షన్ కళ్లలో కనిపిస్తేనే నాకు నమ్మబుద్ధేస్తుంది.

రఫ్ స్కెచ్ పక్కనుంచి కనిపించేలా వేసి ఇక్కడ పెట్టండి, కొలతలు చూసి చెబుతాను.