సునాబెడలో సుఖోయ్ ఇంజన్లు తయారవుతున్నాయి కదా, మరి యుద్ధ విమాన ఇంజన్ మన చేతిలో లేదని ఎందుకంటారు?

ప్రశ్న రాయగడ నుంచి ఒక డిప్లొమా విద్యార్థి అడిగారు. ఒడిశా కొరాపుట్ జిల్లా సునాబెడలో అరవై ఏళ్లుగా ఇంజన్ ఫ్యాక్టరీ ఉండగా తేజస్ కోసం అమెరికాని, మనం రూపొందిస్తున్న కొత్త తరం యుద్ధ విమానం ఆమ్కా కోసం ఫ్రాన్సుని ఎందుకు అడగాల్సి వస్తోంది, అగ్రరాజ్యాల పోటీలో ఇంజన్‌కి అంత విలువ దేనికి, ఈ రంగంలోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి అని. ఓవర్‌హాల్ పని, అంటే తిరిగిన ఇంజన్‌ని విప్పి చూసి బాగుచేసి మళ్లీ బిగించే పని, తెలిసినవాడిగా చెప్తున్నాను.

ప్రభుత్వ విమాన తయారీ కంపెనీ హెచ్‌ఏఎల్‌కి చెందిన సునాబెడ ప్లాంటు 1964లో మొదలైంది. మిగ్-21 కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక పని మూడు చోట్లకి పంచారు: బాడీ నాసిక్ దగ్గర ఓఝర్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్‌లో, ఇంజన్ సునాబెడలో. ఆర్-11తో మొదలై ఆర్-25, మిగ్-27కి ఆర్-29, మిగ్-29కి ఆర్‌డి-33, ఇప్పుడు సుఖోయ్-30కి ఎఎల్-31ఎఫ్‌పి. సాలూరు ఘాట్ ఎక్కి వెళ్లి అక్కడే స్థిరపడిన మనవాళ్లలో తరాలుగా ఈ ఇంజన్ల మీదే బతికిన కుటుంబాలున్నాయి. పనితనానికి అక్కడ లోటు లేదు. చిక్కేమిటంటే ఇవన్నీ లైసెన్స్ ఇంజన్లు. డ్రాయింగ్ వస్తుంది, ఏ కొలత ఎంత ఉండాలో, ఎంత తేడా దాకా పరవాలేదో అందులో ఉంటుంది. ఆ కొలత అంతే ఎందుకుండాలో, అది తేలేలోపు టెస్ట్ బెడ్ మీద ఎన్ని ఇంజన్లు పాడయ్యాయో ఉండదు. అది తెలియనంత కాలం పాత ఇంజన్‌ని ఎన్నిసార్లయినా చేయగలం, కొత్తది గీయలేం.

అసలు కష్టమంతా వేడి భాగంలో, అంటే ఇంధనం మండే చోటు, ఆ మంట వాయువుకి తిరిగే టర్బైన్ దగ్గర ఉంది. ఎఎల్-31 బరువు సుమారు ఒకటిన్నర టన్ను, ఆఫ్టర్‌బర్నర్ వేస్తే, అంటే వెనక గొట్టంలో అదనంగా ఇంధనం మండిస్తే, 12,500 కిలోల థ్రస్ట్ (ముందుకు తోసే బలం) ఇస్తుంది. టర్బైన్‌కి తగిలే వాయువు దాదాపు 1,400 డిగ్రీల వేడి. బ్లేడ్ చేసే నికెల్ మిశ్రమలోహం 1,300 దాటాక కరగడం మొదలవుతుంది. అంటే తనని కరిగించేంత వేడిలో, నిమిషానికి పది వేలకి పైగా చుట్లు తిరుగుతూ ఆ బ్లేడ్ వందల గంటలు నిలబడాలి. చేతిలోకి తీసుకుంటే అరచేతిలో ఇమిడిపోతుంది. అడుగున డిస్క్‌లోకి (బ్లేడ్లు గుచ్చే చక్రంలోకి) దిగే గాళ్లు రంపపు పళ్లలా ఉంటాయి, అంచుల్లో సన్నటి రంధ్రాలు, లోపల బోలుగా మెలికల దారులు. ముందువైపు గాలిని నొక్కే కంప్రెసర్ నుంచి తీసిన గాలి ఆ దారుల్లో తిరిగి, రంధ్రాల్లోంచి వచ్చి బ్లేడ్ చుట్టూ పల్చటి పొరలా కప్పుకుంటుంది. ఇంకా వేడిగా నడిచే కొత్త తరం ఇంజన్లలో దీనికి తోడు ఇట్రియం కలిపిన జిర్కోనియా పూత కూడా వేస్తారు.

పోత పోసే పద్ధతి మూలంలో ఒడిశాలో ఢోక్రా బొమ్మలు పోసే మైనపు పద్ధతే. లోపలి దారుల ఆకారంలో పింగాణీ కోర్, దాని చుట్టూ మైనం, మైనం మీద పింగాణీ పెంకు. మైనం కరిగించి తీసేసి వాక్యూమ్ కొలిమిలో లోహం పోస్తారు. కష్టం ఆ తరవాత. అచ్చుని వేడి మండలంలోంచి నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున కిందికి దించుతారు. అడుగున స్క్రూలా మెలి తిరిగిన సన్నటి దారి ఉంటుంది. స్ఫటికాలు చాలా మొదలైనా ఆ మెలిక దాటి ఒక్కటే పైకొస్తుంది, బ్లేడ్ మొత్తం ఆ ఒక్క స్ఫటికంగానే పెరుగుతుంది. స్ఫటికాల మధ్య సరిహద్దులుంటే వేడిలో లోహం అక్కడే సాగి చీలుతుంది, అందుకే ఇంత శ్రమ. కోర్ కాస్త పక్కకి జరిగితే గోడ ఒకవైపు పల్చబడుతుంది. దించే వేగం తప్పితే మధ్యలో ఇంకో స్ఫటికం పుడుతుంది. రెండూ పైకి కనపడవు. ఎక్స్‌రేలోనో యాసిడ్‌తో ఎచింగ్ చేసినప్పుడో బయటపడతాయి, అప్పుడా బ్లేడ్ తుక్కులోకే. పోసినవాటిలో ఎన్ని నిలుస్తున్నాయన్నది కంపెనీలు గుట్టుగా ఉంచే లెక్క. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ శాఖ లోహాల ప్రయోగశాల డీఎంఆర్‌ఎల్ 2021లో హెలికాప్టర్ ఇంజన్ కోసం ఇలాంటి ఒకే స్ఫటికపు (సింగిల్ క్రిస్టల్) బ్లేడ్లు 60 హెచ్‌ఏఎల్‌కి ఇచ్చింది. వార్తల్లో దానికి దక్కిన చోటు చాలా తక్కువని నా అభిప్రాయం. తేజస్ కోసం మనమే డిజైన్ చేయాలని 1989లో మంజూరైన కావేరి ఇంజన్‌ని 2008లో తేజస్ నుంచి విడదీయడానికి కారణం కావాల్సిన థ్రస్ట్ రాకపోవడం, ఆ థ్రస్ట్‌కి మూలం ఈ వేడి భాగమే.

యుద్ధానికి వద్దాం. టీవీల్లో ఎవరికెన్ని విమానాలని లెక్క వేస్తారు. వేయాల్సింది ఇంజన్ గంటల లెక్క. సుఖోయ్-30 బాడీ ఆయుష్షు సుమారు 6,000 గంటలు, ఇంజన్‌ది 2,000, మధ్యలో 1,000 దగ్గర ఓవర్‌హాల్. రెండు ఇంజన్ల విమానం కాబట్టి ఒక్కోదానికి జీవితకాలంలో ఆరు ఇంజన్లు కావాలి. 260 చుట్టూ ఉన్న విమానాలకి ఎన్నవుతాయో కట్టుకోండి. 2024 సెప్టెంబర్‌లో రక్షణ శాఖ 26,000 కోట్లకి పైగా పెట్టి 240 ఇంజన్లు సునాబెడకి ఆర్డర్ ఇచ్చింది ఇందుకే. ఏడాదికి 30 చొప్పున ఎనిమిదేళ్లు. యుద్ధం వస్తే గంటలు ఇట్టే కరిగిపోతాయి గాని ఏడాదికి 30 అన్నది ఇట్టే 60 కాదు. డిస్క్ ఫోర్జింగ్ (ఎర్రగా కాల్చి నొక్కి మలిచిన డిస్క్ దిమ్మ) ఆర్డర్ పెట్టిన నెలల తరవాత గాని చేతికి రాదు.

పైగా అన్ని ఇంజన్లూ గడువు దాకా నిలవవు. పక్షి తగిలి కంప్రెసర్ బ్లేడ్లు వంగుతాయి, వేడికి టర్బైన్ బ్లేడ్ సాగి కేసింగ్‌కి రాసుకుంటుంది. వీటికన్నా గుట్టుగా వచ్చేది బేరింగ్ జబ్బు. నూనె దారిలో అయస్కాంతపు ప్లగ్ ఉంటుంది. విప్పి తెల్లగుడ్డ మీద తుడిస్తే బూడిద రంగు మెత్తటి మరక మామూలే; మెరిసే పొలుసు కనిపిస్తే బేరింగ్ పొర లేస్తోందని అర్థం, ఇంజన్ దించాల్సిందే. 2015లో రక్షణ మంత్రి మనోహర్ పారికర్ సుఖోయ్ ఇంజన్ల ఇబ్బందులకి చెప్పిన ప్రధాన కారణం ఇదే, నూనెలో లోహపు రజను.

ఇక అగ్రరాజ్యాలు. 2014 దాకా రష్యా యుద్ధనౌకల గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌లోని మికోలాయివ్ నుంచి, హెలికాప్టర్ ఇంజన్లు జపోరిజ్జియాలోని మోటార్ సిచ్ నుంచి వచ్చేవి. క్రిమియాని రష్యా కలిపేసుకున్నాక ఉక్రెయిన్ ఆపేసింది. ఓడల చట్రాలు రష్యా రేవులో ఇంజన్ లేక ఆగిపోయాయి. వాటిలో రెండు మనం కొన్నాం, ఉక్రెయిన్ నుంచి టర్బైన్లు కూడా మనమే కొని రష్యాకి పంపాం. 2024 డిసెంబర్‌లో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ తుశిల్, 2025 జులైలో చేరిన తమాల్ అవే. మోటార్ సిచ్‌ని చైనా కంపెనీ కొనబోతే అమెరికా ఒత్తిడి తెచ్చింది, 2021లో ఉక్రెయిన్ దాన్ని జాతీయం చేస్తామని ప్రకటించింది, 2022లో స్వాధీనం చేసుకుంది. ఫ్యాక్టరీ ఒక్కటే, పట్టుపట్టినవి మూడు రాజధానులు. ఇంకొకటి చూడండి: పాకిస్తాన్ యుద్ధ విమానం జెఎఫ్-17లో తిరిగేది రష్యా ఆర్‌డి-93, సునాబెడలో చేసే ఆర్‌డి-33కి తోబుట్టువు. ఇంజన్ అమ్మేవాడు తన లెక్కలు తాను చూసుకుంటాడు, మన స్నేహం అందులో ఒక అంశం మాత్రమే.

చైనా 1990లలో రష్యా ఎఎల్-31 కొంటూనే తన సొంత ఇంజన్ డబ్ల్యూఎస్-10 మీద పని చేసింది. పాడైన ఇంజన్లకి డబ్బు పోయడం ఆపకుండా ఇరవై ఏళ్లకి పైగా పట్టుకుంది, ఇప్పుడు దాని యుద్ధ విమానాలు జె-10సి, జె-20 ఆ ఇంజన్ మీద ఎగురుతున్నాయి. ముడిసరుకు పట్టు కూడా వాళ్లదే. 2025 ఏప్రిల్‌లో ఏడు అరుదైన లోహాల ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది, ఆ ఏడింటిలో ఇందాక చెప్పిన పూతలో వాడే ఇట్రియం ఉంది. గంజాం జిల్లా ఛత్రపురం ఇసుకలో ఈ అరుదైన లోహాలుండే ఖనిజం మోనజైట్ ఉంది గదా అంటారు. ఉంది, కానీ అందులో సీరియం, లాంథనం, నియోడిమియం ఎక్కువ, ఇట్రియం చాలా తక్కువ.

అమెరికా వైపు అనుభవం: తేజస్ ఎంకే1ఎ కోసం 2021లో అమెరికా కంపెనీ జీఈకి 99 ఎఫ్404 ఇంజన్లు ఆర్డర్ చేస్తే మొదటిది 2025లో వచ్చింది. ఆర్డర్లు లేక ఆ తయారీ లైన్ అయిదేళ్లు మూతపడి ఉంది, తెరవాలంటే చిన్న సరఫరాదారులందరినీ మళ్లీ పోగెయ్యాలి. దీన్ని కుట్ర అనుకోనక్కర్లేదు, ఎవరి లైన్ ఆగినా ఇదే జరుగుతుంది. అదే కంపెనీ పెద్ద ఇంజన్ ఎఫ్414కి 80 శాతం టెక్నాలజీ ఇస్తారన్న వార్త చదివినప్పుడు శాతం వదిలేయండి. సింగిల్ క్రిస్టల్ పోత మన గడ్డ మీద పోస్తారా? డిస్క్ ఫోర్జింగ్, పూత ఇక్కడ జరుగుతాయా? డిజైన్ మార్చే హక్కు ఎవరిది? ఆమ్కా ఇంజన్‌కి ఫ్రాన్స్ కంపెనీ సాఫ్రాన్‌తో కలిసి పనిచేస్తామని 2025 ఆగస్టులో ప్రకటించినదాన్ని కూడా ఇవే ప్రశ్నలతో చూడండి. సుఖోయ్ ఇంజన్‌లో దేశీయ భాగం చివరికి 63 శాతానికి చేరుతుందని చెప్పారు. మంచిదే. మిగతా 37లో ఏమున్నాయో దాన్నిబట్టి ఉంటుంది.

మీరు మెకానికల్ డిప్లొమా అయితే ఊరికే సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రాలు) దగ్గర ఆగకండి. ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్ (పైన చెప్పిన మైనపు పోత), వాక్యూమ్ హీట్ ట్రీట్‌మెంట్, ఎక్స్‌రే, అల్ట్రాసోనిక్, పెనెట్రెంట్ పరీక్షలు చదవండి. ఎన్‌డీటీలో (భాగాన్ని పాడు చేయకుండా లోపాలు పట్టే ఇలాంటి పరీక్షల్లో) లెవెల్-2 సర్టిఫికెట్ ఉంటే అవకాశాలు చాలా పెరుగుతాయి. సునాబెడ డివిజన్ అప్రెంటిస్ నోటిఫికేషన్లు వేస్తుంటుంది, నేషనల్ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ముందే పేరు నమోదు చేసి ఉంచుకోండి. దొరికితే ఓవర్‌హాల్ వైపు అడగండి. కొత్త ఇంజన్ బిగించేచోట అంతా కొలత ప్రకారం ఉంటుంది. వెయ్యి గంటలు తిరిగొచ్చిన ఇంజన్ విప్పినప్పుడే ఏ భాగం ఎక్కడ ఓడిపోయిందో కంటికి కనిపిస్తుంది.