పశువైద్యం చదివి ఆహార భద్రత పరిశోధనలోకి వెళ్తే చదివిన వైద్యం వృథా అవుతుందా?

క్లినిక్ వదిలేసి ఈ పరిశోధనలో చేరితే రోజూ చేసే పని ఏమిటి, నేర్చుకున్న వైద్యం మరిచిపోతామా అని అడిగారు. ఎనిమిదేళ్లు క్లినిక్‌లో చేసి ఇటు వచ్చినవాణ్ణి. మొదటి ఏడాది నాకూ ఇదే బెంగ ఉండేది.

క్లినిక్‌లో జబ్బు కళ్లెదుటే ఉంటుంది. మేత మానేసిందనో, లేవలేకపోతోందనో పశువును తీసుకొస్తారు. ఇక్కడ మనం వెతికేది చాలావరకు ఆరోగ్యంగా తిరిగే జంతువుల్లోనే. ఇ. కోలై ఓ157 అనే బ్యాక్టీరియా ఆవు పేగుల్లో ఉన్నా ఆవుకు ఏమీ కాదు, అదే పిల్లల కడుపులోకి వెళ్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు. సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్ అనే మరో బ్యాక్టీరియా ఉన్న కోడి మామూలుగానే గుడ్లు పెడుతుంది. పెంకు ఏర్పడకముందే బ్యాక్టీరియా గుడ్డు లోపలికి చేరొచ్చు. (సాల్మొనెల్లా అన్న పేరు డేనియల్ సాల్మన్ అనే పశువైద్యుడిది. దాన్ని కనిపెట్టింది మాత్రం ఆయన దగ్గర పనిచేసిన థియోబాల్డ్ స్మిత్. పరిశోధనలో ఇలాంటివి మీకూ ఎదురవుతాయి!)

రోజువారీ పని గొప్పగా ఏమీ ఉండదు. బూట్లకు తడి గుడ్డ తొడుగులు వేసుకుని కోళ్ల షెడ్డంతా నడుస్తాం, ఆ తొడుగులనే శాంపిల్‌గా ల్యాబ్‌కు తెస్తాం. వాటిలోని బ్యాక్టీరియాను 37 డిగ్రీల దగ్గర ఒక రాత్రి పెంచి, మరో ద్రావణంలోకి మార్చి, ఆపైన ప్లేటు మీద వేస్తాం. ఎర్రటి ప్లేటు మీద మధ్యలో నల్లగా ఉన్న కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు) కనిపిస్తే సాల్మొనెల్లా అని అనుమానించాలి. వారాల తరబడి ఏవీ కనిపించవు. నెగటివ్ అని రాసుకోవడం అలవాటు చేసుకోవాలి.

వైద్యం ఎక్కడ పనికొచ్చిందంటే, ఒకసారి ఒక డెయిరీ పాలలో యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయేమోనని చూశాం. ఆ పరీక్షలో బ్యాక్టీరియా పెరిగితే రంగు ఊదా నుంచి పసుపుకు మారుతుంది. పాలలో మందు ఉంటే బ్యాక్టీరియా పెరగదు, ఊదా అలాగే ఉండిపోతుంది. మూడు గంటలు చూసినా ఊదాగానే ఉంది. మందు వాడిన సంగతి యజమాని దాస్తున్నాడని నోట్‌బుక్‌లో రాసేశాను, అది నా తొందరపాటు. మర్నాడు వెళ్లి పాలు పితికే వేళ ఊరికే నిలబడి చూస్తే తెలిసింది. పొదుగువాపుకు మందు వేసిన ఆవు కాలికి గుర్తుగా రంగు పూశారు. కడిగేసరికి అది పోయింది. కొత్తగా చేరిన పనివాడు దాని పాలు కూడా అన్నిటితో కలిపేశాడు. ఒక్క ఆవు పాలు చాలు, ట్యాంకు మొత్తం పాడవడానికి. మరిగిస్తే పోతుందిలే అనుకోవడానికీ లేదు, పెన్సిలిన్ జాతి మందులు మరిగించినా చాలావరకు అలాగే ఉంటాయి. రంగుకు బదులు కాలికి పట్టీ కట్టమన్నాం, ఆ తర్వాతి శాంపిళ్లన్నీ పసుపుకు మారాయి. పొదుగువాపు ఎలా ఉంటుందో, మందు వేశాక ఎన్నాళ్లు పాలు పారబోయాలో, ఆ నష్టం ఎంత బాధగా ఉంటుందో తెలియకపోతే అక్కడ ఏం అడగాలో కూడా తోచదు.

వెలితి ఉన్నది స్టాటిస్టిక్స్‌లో. ఎన్ని శాంపిళ్లు తీస్తే నమ్మొచ్చో లెక్కకట్టడం కాలేజీలో పైపైన చదివి వదిలేశాను, ఇక్కడికొచ్చాక రాత్రుళ్లు కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది. మీరు ముందే మొదలుపెట్టండి. చేరేముందు ఇంకో మాట అడిగి తెలుసుకోండి: ఫారాలకు మిమ్మల్ని పంపుతారా, లేక ఫ్రీజర్‌లోని శాంపిళ్లతోనే పనా? రెండోదైతే నేనైతే చేరను.